ఎర్ర కాగితపు మీట

నల్లజాతి చరిత్ర నెలగా జరుపుకునే ఫిబ్రవరి వస్తే అలబామాలోని ఆ బడిలో ఐదో తరగతి పిల్లలు మైనపు బొమ్మలవుతారు. చరిత్రలో పేరున్న నల్లవాళ్ళ వేషాలు వేసుకుని గోడ వెంబడి కదలకుండా నిలబడతారు. చేతికి అంటించుకున్న ఎర్ర కాగితపు మీటను ఎవరైనా నొక్కితే ప్రాణం వచ్చి, తమ కథ చెప్పి, మళ్ళీ బిగుసుకుపోతారు.

ఈసారి టమీరా తన అమ్మమ్మ వేషం వేసింది. ఆ ఊళ్ళో తెల్లపిల్లల హైస్కూల్లో మొదట చేరిన నల్లమ్మాయి ఆ అమ్మమ్మ వెర్లీనే.

"బతికుండగానే మ్యూజియంలో పెట్టేశారేంటి వెర్లీనక్కా!" మీట నొక్కే క్యూలో వెర్లీన్ వెనక నిలబడ్డ ఒపల్ నవ్వింది. ఇద్దరూ చర్చిలో పక్కపక్కన పాడతారు.

"నోర్ముయ్యవే. నిన్ను చెయ్యాలంటే ఊళ్ళో మైనమంతా చాలదు."

నవ్విందే గానీ వెర్లీన్ చూపు మనవరాలి మీదే ఉంది. పొద్దున గ్రిట్స్ అనే మొక్కజొన్న జావ వడ్డిస్తూ ఆ పిల్లకు ఒక్కటే చెప్పింది: "మిస్ హార్గ్రోవ్ పేరు చెప్పు తల్లీ. మర్చిపోకు."

అప్పట్లో నల్లపిల్లలకు విడిగా ఉన్న బడిలో టీచరు ఆమె. ఒక వేసవంతా వెర్లీన్‌ను తన ఇంటి వరండాలో కూర్చోబెట్టి లెక్కలు చెప్పింది. మొదటిరోజు తెల్లవాళ్ళ బడి గేటు దాకా వచ్చి, "వెనక్కి చూడకు," అంది. వెర్లీన్ చూడలేదు. తర్వాత నల్లపిల్లలంతా తెల్లవాళ్ళ బడికి వచ్చేశాక పాత బడి మూసేశారు. మిస్ హార్గ్రోవ్‌ను మాత్రం ఆ బడిలో టీచరుగా తీసుకోలేదు. డెట్రాయిట్‌లో ఎవరింట్లోనో పసిపిల్లల్ని చూసుకుంటోందని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ కబురు విన్నప్పుడు కూడా ఆ 'వెనక్కి చూడకు'నే అడ్డం పెట్టుకుని వెర్లీన్ ఆమెను పలకరించలేదు.

తన వంతు రాగానే వెర్లీన్ టమీరా చేతి మీది మీట నొక్కింది.

"నా పేరు వెర్లీన్ పెటవే. తెల్లపిల్లల బడిలో ఒంటరిగా అడుగుపెట్టాను. నాకు భయం వెయ్యలేదు."

చప్పట్లు. మళ్ళీ నొక్కింది. అవే మాటలు.

"మిస్ హార్గ్రోవ్ మాటేదే?"

టమీరా పెదవులు కదలకుండా గొణిగింది. "ఆ వాక్యం టీచర్ కొట్టేసింది అమ్మమ్మా. ఒక్క నిమిషంలో అయిపోవాలట. ఒంటరిగా అంటేనే బాగుందట. జరుగు, లైన్ ఆగిపోయింది."

పక్కన వ్యోమగామి వేషంలో ఉన్న పిల్లాడు పళ్ళికిలించాడు. "బొమ్మ మాట్లాడింది! టమీరా ఔట్!"

'ఒంటరిగా' అన్న మాట వినగానే తనలో ఎవరో హాయిగా నిటారుగా నిలబడటం వెర్లీన్‌కు తెలిసింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరన్నా ఆమె సరిదిద్దలేదు.

బల్ల మీద మిగిలిన ఎర్ర కాగితం ఒకటి తీసి చేతికి అంటించుకుంది. మనవరాలి పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఒపల్ నవ్వబోయి ఆగిపోయింది. ఒక చిన్నపాప వచ్చి, ముడతలు పడ్డ ఆ చేతి మీది మీటను నొక్కింది.

"నా పేరు..." అంది వెర్లీన్.

హార్గ్రోవ్ అన్నది ఇంటిపేరు. అసలు పేరు? వరండాలో నిమ్మరసం పోసిన చెయ్యి గుర్తుంది. చెవి మీద పెన్సిలు గుర్తుంది. పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు.

పాప ఇంకా నొక్కుతూనే ఉంది.

"అమ్మా, ఇది పనిచెయ్యట్లేదు."