తోక లేని పేరు

అద్దె ఆఫీసులో పనిచేసే మిస్ కొలెట్ మొదట పిప్పరమెంట్ల గిన్నె జూన్ వైపు జరిపింది, తర్వాత ఇల్లు ఇవ్వలేమని చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు చూసి జూన్‌కు ఒళ్ళు మండింది. పొమ్మనేవాళ్ళు మొహం చిట్లించుకుని పొమ్మంటే సగం బాధ తగ్గుతుంది. అమెరికాలోని ఈ మెంఫిస్‌లో అద్దె ఆఫీసుల వాళ్ళకు ఆపాటి మర్యాద కూడా తెలియదు. దరఖాస్తు రుసుము పుచ్చుకునేటప్పుడు ఏ నవ్వో, గెంటేసేటప్పుడూ అదే నవ్వు.

జూన్ పార్సెల్ గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఒక్క నెల అద్దె ఎగ్గొట్టి ఎరగడు. వాళ్ళుండే భవనాన్ని ఎవరో కొనేసి అందరినీ ఖాళీ చేయించాక, భార్య రెనీటాతో, బడికెళ్ళే కూతురితో రెనీటా అక్క ఇంటి ముందుగదిలో పరుపు వేసుకుని ఉంటున్నాడు. ఆ అక్క పాలడబ్బా మీద, గుడ్ల అట్ట మీద కూడా నల్లసిరాతో తన పేరు రాసుకునే మనిషి. క్రితం వారం పిల్ల తెలియక ఆ పాలు తాగితే ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. కొత్త డబ్బా తెచ్చి, దాని మీద పేరు ఇంకా పెద్ద అక్షరాలతో రాసింది. నెలాఖరుకల్లా వేరే చోటు చూసుకోమని అప్పటికే చెప్పేసింది. ఇప్పుడు చేయి దాటిపోతున్న ఈ ఇంట్లో పిల్లకు విడిగా ఒక గది ఉంది, వెనక చిన్న పెరడు ఉంది.

"క్రెడిట్ రిపోర్టులో తేడా వచ్చిందండీ," అంది మిస్ కొలెట్, కంప్యూటరు తెర అతని వైపు తిప్పుతూ. అద్దె కట్టనందుకు ఇల్లు ఖాళీ చేయమన్న కోర్టు తీర్పులు, తీరని బాకీలు వరసగా ఉన్నాయి. పైన పేరు ఓడెల్ ప్రూయిట్. అది అతని పేరే. కానీ ఆ చిరునామాలు జూన్ చిన్నప్పటివి. వాటిలో ఒక ఇంటి ముందు గడ్డి మీద తమ సోఫా, వంటగిన్నెలు, అమ్మ లోపలి బట్టలు కుప్పగా పడి ఉండటం, పక్కింటి పిల్లలు ఆ సోఫా మీద ఎక్కి గెంతడం అతను కళ్ళారా చూశాడు. అప్పుడతనికి గడ్డం కాదు కదా, పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడలేదు.

"ఇవి నావి కావు. మా నాన్నవి," అన్నాడు. ఆ మాట అనడానికే నోరు చేదెక్కింది.

వాళ్ళ ఇంట్లో పెద్దకొడుక్కి తండ్రి పేరు ఉన్నదున్నట్టు పెట్టేస్తారు. తండ్రి ఓడెల్ ప్రూయిట్ సీనియర్, ఇతను ఓడెల్ ప్రూయిట్ జూనియర్. ఆ జూనియరే ఇంట్లో వాళ్ళ నోట నలిగి జూన్ అయింది. బుద్ధి తెలిశాక అతనికి ఆ తోక అంటే చీదర పుట్టింది. ఆ తాగుబోతుకి, ఆ పేకాటరాయుడికి నేను చిన్నరకం నమూనానా అనుకున్నాడు. లైసెన్సులో, బ్యాంకులో, ఉద్యోగంలో, దొరికిన ప్రతిచోటా దాన్ని పీకి పారేశాడు. తండ్రిని వదిలించుకున్నానని మురిసిపోయాడు. వదిలించుకోవడం మాట అటుంచి, పేరు చివర జూనియర్ లేకపోయేసరికి రిపోర్టులు తీసే కంపెనీ వాడు ఇద్దరినీ కలిపి ఒక్కణ్ణి చేసి కూర్చోబెట్టాడు.

పుట్టిన తేదీలైనా చూడరా అని అడిగాడు. పేరు కలిసింది, పాత చిరునామాలు కలిశాయి, ఆ పైన కంప్యూటరు చూడదట. ఫిర్యాదు పెట్టుకోవచ్చట, జవాబుకు వారాలు పడుతుందట. ఈలోగా ఇల్లు ఆగదు, ఇంకో కుటుంబం కాచుకుని ఉంది. ఇదంతా ఆవిడ వాతావరణ వార్తలు చదివినట్టు చెప్పింది. చివరికి ఎందుకో జాలిపడి, ఆ మనిషే గుర్తింపు కార్డుతో వచ్చి ఇవన్నీ నావని తన ఎదుట ఒప్పుకుంటే మేనేజరుతో మాట్లాడతానంది. రేపు మూసేలోగా రావాలంది.

వాడి గుమ్మం తొక్కడం కంటే కారులో పడుకోవడం నయమని జూన్ రెనీటాతో అన్నాడు. ఆమె పిల్ల బట్టలు మడత పెడుతోంది. తల కూడా ఎత్తలేదు.

"నువ్వు పడుకో కారులో. నాకూ పిల్లకూ ఇల్లు కావాలి."

మర్నాడు తండ్రి ఉండే చోటికి వెళ్ళాడు. హైవే పక్కన వారానికింతని గదులిచ్చే మోటెల్ అది. ఇల్లు అద్దెకు ఎవరూ ఇవ్వనివాళ్ళంతా చివరికి అక్కడికే చేరతారు. మెట్ల మీద పాత వేపుడు నూనె వాసన, మూత్రం వాసన. ఓడెల్ సీనియర్ మాత్రం తల నున్నగా దువ్వి, చొక్కాకు ఇస్త్రీ చేసుకుంటూ కనిపించాడు. గదిలో కుర్చీ లేకపోయినా ఇస్త్రీపెట్టె ఉంది. చెప్పిందంతా విని, ఒక్క ప్రశ్న వేయకుండా, నువ్వు పోయి కారులో కూర్చో, తయారై వస్తానన్నాడు. దారిపొడుగునా మనవరాలి గురించి అడిగాడు. జూన్ ముక్తసరిగా జవాబులిచ్చాడు.

ఆఫీసులో పెద్దాయన టోపీ తీసి, మిస్ కొలెట్ చెవిపోగులు బాగున్నాయన్నాడు. ఆవిడ తెర చూసి చిరునామాలు ఒక్కొక్కటే చదివింది. అతను బడిలో హాజరు పలికినట్టు పలికాడు.

"నాదే మేడమ్. అదీ నాదే. ఆ, అదా, అది కూడా నాదే. ఆ ఇంటి కప్పు కారేది, అద్దె ఎగ్గొట్టినా పాపం లేదు."

ఆవిడ పకపకా నవ్వింది. జూన్‌కు అక్కడ ఉమ్మేయాలనిపించింది. ఏ ఇంటి సామాను రోడ్డున పడితే అమ్మ చుట్టుపక్కల వాళ్ళ ముందు తలెత్తుకోలేక ఆ పేట వైపే మళ్ళీ పోలేదో, ఆ ఇంటి పేరు చెప్పి వీళ్ళిద్దరూ నవ్వుకుంటున్నారు. ఆయన నవ్విస్తున్నాడు, ఆవిడ నవ్వుతోంది, మధ్యలో తను చేతులు కట్టుకుని ఆ నవ్వు ఎప్పుడు అయిపోతుందా, తాళం చెవులు ఎప్పుడిస్తారా అని చూస్తున్నాడు. అది మరీ రోతగా ఉంది.

మిస్ కొలెట్ లోపలికి వెళ్ళి మేనేజరుతో మాట్లాడి వచ్చింది. ఇల్లు ఇస్తారట. పేరు చివర జూనియర్ అని తప్పకుండా రాయాలట. ఇంకొక్క కాగితం అదనంగా ఉందంటూ బల్ల మీద పెట్టింది. ఓడెల్ ప్రూయిట్ సీనియర్ అనే వ్యక్తి ఈ ఇంట్లో రాత్రి బస చేయరాదు, చేస్తే అద్దె ఒప్పందం రద్దవుతుంది. కింద తండ్రీకొడుకులిద్దరూ సంతకం పెట్టాలి.

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మెల్లగా చదివాడు.

"భోజనానికి రావచ్చా మేడమ్?"

"పగలు రావచ్చు. రాత్రి ఉండకూడదంతే."

"బాగుంది," అని సంతకం గీకేసి, కలం కొడుకు వైపు తిప్పి ఇచ్చాడు.

ఈ వాక్యం తీసేయమని అడగడానికి జూన్ నోరు తెరిచాడు. తన ఇంటికి ఎవరు రావాలో ఎవరు రాకూడదో చెప్పడానికి వీళ్ళెవరు? వద్దనుకుంటే తను వద్దంటాడు, ఆ హక్కు తనది. కానీ మిస్ కొలెట్ వేళ్ళ కింద తాళం చెవులున్నాయి. తెరిచిన నోరు మూసుకుని, పేరు మొత్తం రాసి సంతకం పెట్టాడు.

మోటెల్ దగ్గర కారు ఆపాడు. తండ్రి దిగాడు గానీ మెట్ల వైపు వెళ్ళలేదు, కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"డిక్కీ తియ్యి జూన్."

పొద్దున బయల్దేరేటప్పుడు కోటు నలిగిపోతుంది, వెనక పెడతానంటే జూన్ తాళం ఇచ్చాడు, దిగి చూడలేదు. ఇప్పుడు దిగి, డిక్కీ తీసి చూశాడు. కోటు కింద నిండా సర్దిన సంచి, పక్కన తీగ చుట్టిన ఇస్త్రీపెట్టె.

"పొద్దునే గది ఖాళీ చేసి వచ్చా," అన్నాడు ముసలాయన, కోటు దులుపుకుంటూ. "ఆ కాగితం లేకపోతే సోఫా మీద నాలుగు రోజులని వచ్చేవాణ్ణి. వస్తే మళ్ళీ కదిలేవాణ్ణి కాదు. వాళ్ళు సరిగ్గానే రాసుకున్నార్లే."

సంచి భుజానికి తగిలించుకుని, గది ఇంకా ఉందో లేదో అడగడానికి మోటెల్ ఆఫీసు కిటికీ దగ్గరికి నడిచాడు. అక్కడ అతని ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు.

ఇంత పన్నాగం పన్నినందుకు జూన్‌కు కోపం రావాలి. లేదా వెనకాలే వెళ్ళి ఆ సంచి అందుకోవాలి. రెండూ జరగలేదు. సంతకం పెట్టిన ఆ కాగితం ఉంది కదా, వద్దని తన నోటితో చెప్పనక్కర్లేదు కదా అని అతని ప్రాణం ఎంత కుదుటపడిందంటే, ఆ కుదుటపడటం చూసుకుని అతనికి తన మీద తనకే రోత పుట్టింది. డిక్కీ మూసి, కారెక్కి, అద్దం పైకెత్తి ముందుకు పోనిచ్చాడు.