నాలుగో వరుసలో సకారి

జనవరి పద్నాలుగు, మంగళవారం ఉదయం, ఐస్ హాలు బయట కారు అద్దానికి పట్టిన మంచు గీకుతూ మా ఆయన రైమో పడిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం లేదన్నారు. నాకు కబురు మూడో పీరియడ్‌లో అందింది. ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. దాన్ని పూర్తి చేసి, జవాబు కింద గీత గీసి, అప్పుడు బయటికి వచ్చాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వెళ్ళేసరికి వంటగది బల్ల మీద పన్నెండు కాగితం ముక్కలున్నాయి. మూడేసి చొప్పున నాలుగు వరుసలు. ఒక్కో ముక్క మీద ఒక్కో ఆటగాడి పేరు. నా గళ్ళ నోటుబుక్కులోంచి రైమో కత్తిరించుకున్నవే.

పద్దెనిమిదేళ్ళుగా అతను మా ఊరి ఐస్ హాకీ జట్టుకు కోచ్. రోజూ ఉదయం కాఫీ తాగుతూ ఆ ముక్కలు అటూ ఇటూ జరిపేవాడు. ఎడమ ఒకడు, మధ్య ఒకడు, కుడి ఒకడు. ముగ్గురూ కలిసి మంచు మీదికి దిగుతారు, కలిసి బెంచీకి వస్తారు. మొదటి వరుస ఆటలో ఇరవై నిమిషాలు కనిపిస్తుంది. నాలుగోది ఏడెనిమిది నిమిషాలు.

"నీ క్లాసులో పిల్లల్ని ఎలా కూర్చోబెడతావు ఇర్మీ?" అని ఒకసారి అడిగాడు.

"అల్లరివాణ్ణి నిదానస్తుడి పక్కన."

"నేనూ అంతే. నా పిల్లలకి పళ్ళు తక్కువ, అంతే తేడా."

అంత్యక్రియలయ్యాక చుట్టాలు రెండు రోజులుండి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను పొయ్యి పక్కన నిలబడి తినడం మొదలుపెట్టాను. బల్ల మీద సగం ఖాళీగానే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుంటే ఎదురుగా ఆ ముక్కలు. వాటిని తీయలేకపోయాను. సాయంత్రం నాలుగింటికే చీకటి పడేది. మంచు తోసే బండి వీధి చివరికి వెళ్ళి తిరిగి వచ్చే చప్పుడు తప్ప ఇంట్లో మరో చప్పుడు ఉండేది కాదు. రేడియోలో ఆట వ్యాఖ్యానం వస్తుందని రేడియో కూడా పెట్టేదాన్ని కాదు.

ఆ ముక్కల్లో నాలుగో వరుస కుడి చివర ఉన్న పేరు సకారి. అది అక్కడుండటం ఊరంతటికీ కంటగింపు.

సకారి మా జట్టులో అందరికంటే చురుకైనవాడు. ఎనిమిదేళ్ళు మొదటి వరుసలో, మధ్యలో ఆడే ఎమిల్‌కు కుడివైపున ఆడాడు. చిన్నప్పుడు నా క్లాసులోనే చదివాడు. కిందటి నవంబరులో రైమో అతన్ని తీసి నాలుగో వరుసలో పడేశాడు. పక్కన హన్ను, రోపె. ఇద్దరూ భారీ మనుషులు, నెమ్మదైన ఆటగాళ్ళు. పత్రికలో రాశారు. సూపర్ మార్కెట్ క్యూలో నన్ను పట్టుకుని అడిగారు.

"మీ ఆయనకి కళ్ళజోడు మార్పించమ్మా. అంత మంచి ఆటగాణ్ణి తీసుకెళ్ళి ఆ రెండు ఫ్రిజ్‌ల పక్కన పెట్టాడు."

"ఫ్రిజ్‌లైతే ఏదో ఒకటి చల్లగా ఉంచుతాయి. వాళ్ళిద్దరూ దేనికీ పనికిరారు," అన్నాడు వెనకాయన.

నేను నవ్వి ఊరుకున్నాను. కారణం నాకు తెలుసు.

అక్టోబరులో ఒక ఆటలో సకారి తల మంచు చుట్టూ ఉండే చెక్కగోడకు గట్టిగా తగిలింది. డాక్టరు చూసి పంపేశాడు. కాని ఆ తర్వాత దీపాల వెలుగు చూస్తే వాంతి వస్తోందని, అప్పుడే జరిగింది మర్చిపోతున్నానని సకారి రైమో దగ్గరికి వచ్చి చెప్పుకున్నాడు. డాక్టరుకు తెలిస్తే ఆట అయిపోతుంది. వేసవిలో కొత్త ఒప్పందం రాయాలి. అదే ఆఖరిది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. రైమో చేతిలో చెయ్యేసి మాట ఇచ్చాడు. ఆ వారమే నాలుగో వరుస కొత్తగా కట్టాడు.

"ఎనిమిది నిమిషాలే. మూలల్లోకి హన్ను వెళ్తాడు, దెబ్బలు రోపె తింటాడు. వాణ్ణి ఎవడూ ముట్టుకోలేడు," అన్నాడు నాతో, కాగితం ముక్కలు సర్దుతూ.

"స్కూల్లో పిల్లవాడి తలకి తగిలితే మేం ఇంటికి ఫోన్ చేస్తాం," అన్నాను.

"వాడికి ముప్ఫై ఒకటి ఇర్మీ. పిల్లవాడు కాదు."

నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది.

జనవరి చివర్లో ఒక ఆదివారం ఓస్సి మా ఇంటికి వచ్చాడు. రైమోకు సహాయకుడిగా ఉండేవాడు, ఇప్పుడు అతనే కోచ్. సకారి కంటే మూడేళ్ళు ముందు నా క్లాసులో చదివినవాడే. యాలకుల రొట్టెల పొట్లం తెచ్చాడు. బూట్లు విప్పి లోపలికి వచ్చి, బల్ల చూసి ఆగిపోయాడు.

"ఇవి అలాగే ఉంచేశారా టీచర్?"

"ఉంచేశాను. కూర్చో."

కాఫీ సగం తాగాడు. తర్వాత అన్నాడు, "వరసగా అయిదు ఓడిపోయాం. శుక్రవారం కూడా పోతే ఇక చివరి పోటీలకి వెళ్ళం. అందరూ ఒకటే పాట టీచర్, సకారిని ఎమిల్ పక్కన పెట్టు, పెట్టు అని. మా అమ్మ కూడా. నేనూ పెడదామనే అనుకుంటున్నా. కాని కోచ్ ఊరికే ఏదీ చేసేవాడు కాదు. ఎందుకు విడదీశాడు? మీకేమైనా చెప్పాడా?"

మాట ఇచ్చింది రైమో. నేను కాదు. అయినా ఆ మాట ఈ ఇంట్లో మిగిలిపోయినట్టు, దాన్ని కాపలా కాయాల్సింది నేనే అయినట్టు అనిపించింది.

"నాకేం చెప్పలేదు," అన్నాను.

ఓస్సి చూపుడువేలితో సకారి ముక్కను నాలుగో వరుసలోంచి మొదటి వరుసలోకి జరిపాడు. అక్కడున్న ముక్కను కిందికి తెచ్చాడు. "క్షమించండి," అని మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముక్కలు మాత్రం అలాగే ఉన్నాయి.

బుధవారం నాకు రెండు పీరియడ్లు ఖాళీ. నడుచుకుంటూ ఐస్ హాలుకు వెళ్ళాను. రైమో పోయాక అదే వెళ్ళడం. సాధనలో ఒక్కో వరుసకు ఒక్కో రంగు చొక్కా. పొద్దున వచ్చి ఎవరి కొక్కేనికి ఏ రంగు తగిలించి ఉందో చూసుకుంటే తను ఏ వరుసలో ఉన్నాడో తెలిసిపోతుంది. పసుపు మొదటి వరుస. సకారి పసుపు చొక్కాలో ఉన్నాడు. నన్ను చూసి కర్ర ఎత్తి ఊపాడు. సంతోషంగా ఉన్నాడు.

పసుపు, తెలుపు చొక్కాలవాళ్ళు ఒకవైపు, నీలం, బూడిద రంగులవాళ్ళు ఒకవైపు ఆడుతున్నారు. సకారి మంచు మీద ఎప్పటిలాగే ఉన్నాడు. ఎమిల్‌కు ఒక పాసు ఇచ్చాడు, నాకు ఆట అంతగా తెలియకపోయినా అందంగా అనిపించింది. తర్వాత ఈల మోగింది. మార్పు. సకారి గబగబా వచ్చి బెంచీ వైపు తలుపు తీసుకుని నీలం చొక్కాల మధ్య కూర్చున్నాడు.

"ఒరేయ్ సకారీ, అది వాళ్ళ బెంచీరా! ఎంతకి కొన్నారేంటి నిన్ను?" అని ఎమిల్ అరిచాడు.

"మాకొద్దు బాబూ, ముసలి సరుకు! తీసుకుపోండి," అన్నాడు నీలం చొక్కా ఒకడు.

అందరూ నవ్వారు. సకారి కూడా నవ్వాడు. కాని లేవలేదు. తన చొక్కా వైపు చూసుకున్నాడు, పక్కవాడి చొక్కా వైపు చూశాడు. ఎటు వెళ్ళాలో ఎవరైనా చెబుతారేమోనన్నట్టు తలెత్తాడు. అవతలి చివర నుంచి హన్ను వచ్చి, భుజం పట్టుకుని అతన్ని లేపి తీసుకెళ్ళాడు.

సాధన అయ్యాక నడవాలో ఓస్సిని ఆపాను. అక్టోబరు సంగతి, వాంతులు, మరుపు, రైమో ఇచ్చిన మాట, అన్నీ వరసగా చెప్పాను. ఆదివారం అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. ఓస్సి గోడకు ఆనుకున్నాడు.

"శుక్రవారం అవతలి జట్టులో వెనక కాసే ఆటగాళ్ళు ఎలాంటివాళ్ళో తెలుసా టీచర్? వాణ్ణి వేటాడేవాళ్ళు." గొంతు తగ్గించి, "డాక్టరు దగ్గరికి పంపితే ఎవరు చెప్పారని సకారి అడుగుతాడు," అన్నాడు.

నేను కోటు గుండీలు పెట్టుకోసాగాను.

"కోచ్ కాగితాల్లో రాసి ఉందని చెప్తా. మీ పేరు ఎత్తను."

వద్దనడానికి నాకు సమయం ఉంది. వద్దనలేదు.

శుక్రవారం సకారి ఆడలేదు. జట్టు ఓడిపోయింది. పై వారం పెద్ద ఆసుపత్రిలో తల పరీక్షలు చేసి, ఇక హాకీ వద్దన్నారు. ఇంకొక దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పారట. ఓస్సి నాకు ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాడు.

ఫిబ్రవరి చివరి గురువారం, మధ్యాహ్నం బడిలో బఠాణీ సూపు భోజనం అయ్యి బెల్లు కొట్టాక, సకారి స్కూలుకు వచ్చాడు. పిల్లల కోట్లు తగిలించే చోట నిలబడి ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"ఒక్కటే అడిగి వెళ్ళిపోతా టీచర్. ఆయన నిజంగానే రాసి పెట్టాడా?"

"ఏం రాసి పెట్టడం?"

"నా సంగతి. ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు నేను. మా ఆవిడకి కూడా. చేతిలో చెయ్యేసి మాట ఇచ్చాడు. రాసి పెడితే మరి అదేం మాట? చచ్చిపోయినాయన్ని తిట్టకూడదు, నాకూ తెలుసు. కాని ప్రతి ఆదివారం సమాధి మీద దీపం పెట్టొచ్చేవాణ్ణి టీచర్. ఇక పెట్టలేను."

దీపం పెడుతున్నది ఎవరో నాకు అప్పటిదాకా తెలియదు. ఆదివారం సాయంత్రాలు నేను వెళ్ళేసరికి ఒకటి వెలుగుతూ ఉండేది. జట్టువాళ్ళెవరో అనుకునేదాన్ని. వెలుగుతున్న దీపం పక్కన నాది పెట్టి, కొంచెం తేలికపడి ఇంటికి వచ్చేదాన్ని.

"నాకు క్లాసుంది సకారీ," అన్నాను.

"అలాగే టీచర్," అని అతను తలుపు తోసుకుని మంచులోకి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి నాలుగు ఆదివారాలు గడిచాయి. సమాధి మీద ఒకటే దీపం ఉంటోంది. సకారి ఇల్లు మా స్కూలుకు మూడు వీధుల అవతల. రైమో ఏ కాగితంలోనూ ఏమీ రాయలేదని, చెప్పింది నేనేనని అతనికి ఇంకా చెప్పలేదు.