కొత్తగా ఏమీ లేదు

ఒక మనిషి మీద అనుమానం పుట్టే క్షణాన్ని పట్టుకోవడం ఎవరికైనా సాధ్యమా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. నమ్మకం పోయిన రోజు మనకు గుర్తుండదు. పోయిందని తెలిసిన రోజే గుర్తుంటుంది. నాకు ఆ రోజు ఫిబ్రవరిలో, మా అత్తగారి ఇంటి వెనక తలుపు దగ్గర ఎదురైంది.

అమెరికా ఉత్తరాన, సరస్సు ఒడ్డునున్న మా డులూత్‌లో ముందు తలుపు పాస్టరుకీ, సరుకు అమ్మేవాళ్ళకీ. సొంతవాళ్ళు వెనక తలుపు తోసుకుని వస్తారు, మంచు బూట్లు విప్పుతారు, ఎవరినీ అడక్కుండా కాఫీ పోసుకుంటారు. అత్తగారు ఆర్లిస్ ఇంటి వెనక తలుపుకు గడియ పడడం అంతకుముందు నేను చూడలేదు. ఆ సాయంత్రం తోస్తే రాలేదు. లోపల కుర్చీ జరిగిన చప్పుడయింది. "వచ్చాడు, వచ్చాడు" అని మామగారు హార్లన్ గొంతు వినిపించింది. వెంటనే నా కొడుకు ఏడుపు. తలుపు తెరుచుకునేసరికి ఈవర్ ఎత్తు కుర్చీలో పట్టీతో బిగించి ఉన్నాడు. వాడి ముందున్న పళ్ళెంలో ఏమీ లేదు.

"గాలికి ఊరికే తెరుచుకుంటోంది నాయనా, అందుకే గడియ పెట్టా," అంది ఆర్లిస్.

బయట గాలి లేదు.

"ఇవాళ ఏం చేశాడు?" అని అడిగాను.

"కొత్తగా ఏమీ లేదు. తిన్నాడు, పడుకున్నాడు, తాతని కొట్టాడు."

"రెండుసార్లు," అన్నాడు హార్లన్, ఆమె వైపు చూసి.

నేను ఓడరేవులో ధాన్యం పరీక్షించే ఉద్యోగిని. గుప్పెడు గోధుమలు చూసి ఓడలో ఉన్న లోపం చెప్పడం నా పని. పనిలో అలవడిన చూపు పనితో ఆగదని నేను పుస్తకాల్లో చదివాను; చదవడం వల్ల దాన్ని ఆపుకోగలనని కూడా అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం నుంచి నాకు తెలియకుండానే నమూనాలు సేకరించడం మొదలుపెట్టాను.

మరుసటి వారం ఈవర్ నుదుటి మీద నీలంగా కమిలిన మచ్చ కనిపించింది. బొమ్మ తగిలిందని ఆర్లిస్ చెప్పింది. ఏ బొమ్మ అని అడిగితే, "ఏదో ఒకటి, ఇల్లంతా బొమ్మలే కదా," అంది. ఇకనుంచి బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేయమని కూడా అంది. సొంత కొడుకును తీసుకుపోవడానికి ముందుగా ఫోన్ చేయడమెందుకు? వాణ్ణి తయారుగా ఉంచడానికట. ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టడమా తయారుగా ఉంచడమంటే?

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది వాడి నిద్ర. ఇదివరకు ఇల్లు చేరేదాకా కారు కిటికీలోంచి సరస్సు వైపు చూస్తూ ఏదో ఒకటి కూస్తుండేవాడు. ఇప్పుడు కొండ దిగకముందే తల వాలిపోతోంది. ఇంట్లో ఎత్తుకుపోయి పడుకోబెడితే కదలడు. పాతకాలపు అమ్మమ్మలు పిల్లల్ని నిద్రపుచ్చడానికి చిగుళ్ళకు బ్రాందీ రాసేవారని మా నాన్నమ్మ నవ్వుతూ చెప్పేది. ఒక సాయంత్రం కారు ఆపి, వెనక సీటు మీదికి వంగి, నా కొడుకు నోరు వాసన చూశాను. పాల వాసన వచ్చింది. నిశ్చింత కలగవలసింది, కలగలేదు. వాసన లేని మందులు చాలా ఉన్నాయనిపించింది.

అనుమానానికి వ్యతిరేకమైన సాక్ష్యం ఉండదని అప్పుడు గ్రహించాను. ఏది దొరికినా, దొరకకపోయినా, అది బలపడుతూనే ఉంటుంది. గ్రహించినంత మాత్రాన నేను మారలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర నా భార్య బ్రిటాను అడిగాను. "మీ అమ్మ వీడికి నిద్ర కోసం ఏమైనా పడుతోందా?"

"ఏం పడుతుంది?"

"దగ్గు మందు లాంటిది. ఇవాళ వాడి నోరు వాసన కూడా చూశాను."

బ్రిటా ఫోర్కు కింద పెట్టింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. ఈవర్‌కు మూడో నెల నిండగానే పనిలోకి వెళ్ళవలసి వచ్చింది. అప్పటినుంచి వాడి పగళ్ళన్నీ ఆర్లిస్ ఇంట్లోనే.

"ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని చూసుకుంది మా అమ్మ. సగం వీధి ఆవిడ ఒళ్ళోనే పెరిగింది. నువ్వు నీ గోధుమల్లో పురుగులు ఏరుకో క్లైడ్. మా అమ్మలో కాదు."

"గడియ ఎందుకు పెడుతోందో అడుగు."

"నేనేం అడగను," అంది బ్రిటా. చాలా త్వరగా అంది. అదీ నేను గమనించాను.

ఆ మచ్చ చూసినప్పటినుంచి ఇంట్లో వాణ్ణి నేను చంకలోంచి దించలేదు. పగలు ఏం జరుగుతోందో తెలియనప్పుడు, కనీసం సాయంత్రాలైనా వాడికి ఏమీ కాకుండా చూడాలనుకున్నాను. దిగుతానని కాళ్ళతో తన్నేవాడు. భయపడిన పిల్లలు అలాగే తంతారని నాకు నేను చెప్పుకున్నాను. మరో చోటు కూడా వెతికాను. రేవు దగ్గర పిల్లల్ని చూసుకునే కేంద్రమొకటి ఉంది. వచ్చే సోమవారం నుంచి చేర్చుకుంటామన్నారు. బ్రిటాకు చెప్పలేదు. సొంత తల్లి చేతుల్లోంచి బిడ్డను తప్పించమని భార్యకు చెప్పాలంటే, కంటితో చూసిన ఆధారం ఒక్కటైనా కావాలి.

శీతాకాలంలో రేవు గడ్డకట్టి ఉంటుంది, ఓడలు రావు. గురువారం మధ్యాహ్నమే పని ముగించాను. ఫోన్ చేయలేదు. కారు కింది వీధిలో ఆపి, మంచులో నడుచుకుంటూ ఎక్కి, ఆర్లిస్ వంటింటి కిటికీ పక్కన నిలబడ్డాను. తల పైకెత్తి చూడడానికి కొంత సేపు పట్టింది. ఇతరుల కిటికీలోంచి చూసేవాడు ముందుగా తనను తాను చూస్తాడు. ఆ చూపును దాటితేగాని లోపలిది కనపడదు.

హార్లన్ నేల మీద కాళ్ళు బారజాపి కూర్చుని ఉన్నాడు. గదికి అవతలి చివర ఆర్లిస్ మోకాళ్ళ మీద ఉంది. ఇద్దరి మధ్యా, ఏ ఆధారమూ లేకుండా, నా కొడుకు నిలబడి ఉన్నాడు. ఊగుతున్న ఓడ మీది మనిషిలా కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు పైకెత్తి, తాత వైపు నడిచాడు. చేరగానే వెనక్కి తిరిగి అమ్మమ్మ వైపు నడిచాడు. హార్లన్ చప్పట్లు కొడుతున్నాడు, కానీ అరచేతులు ఒకదానికొకటి తగలకుండా. ఆ చప్పుడు లేని చప్పట్లను నేను అద్దం ఇవతల నుంచి చూస్తున్నాను.

నాకు కలగవలసింది ఆనందం. కలిగింది మరొకటి. అంత స్థిరంగా తిరిగి నడవగలిగిన పిల్లవాడు ఇవాళే మొదలుపెట్టి ఉండడు. దీనికొక గతం ఉంది. ఆ గతంలో నేను లేను.

కిటికీ మీద కొట్టాను.

"చచ్చాం," అనడం హార్లన్ పెదవుల మీద స్పష్టంగా కనిపించింది. ఆర్లిస్ ఒక్క ఊపులో ఈవర్‌ను ఎత్తి కుర్చీలో పెట్టి పట్టీ బిగించింది. ఎంతో అలవాటైన చేతులు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. వెనక తలుపు తెరుచుకుంది.

"నువ్వేం చూడలేదు," అంది ఆర్లిస్.

"చూశాను."

"చూళ్ళేదు. కిటికీకి ఆవిరి పట్టింది."

"ఎప్పట్నుంచి నడుస్తున్నాడు ఆర్లిస్?"

"ఎవరు?"

హార్లన్ నేల మీదనుంచి లేవలేక నవ్వాడు. "చెప్పేయవే. అల్లుడు దొంగలా కిటికీల్లోంచి తొంగిచూసేదాకా వచ్చింది వ్యవహారం."

"నువ్వు నోరు ముయ్యి. 'వచ్చాడు, వచ్చాడు' అని రోజూ పట్టిచ్చేది నువ్వే."

ఈవర్‌ను ఎవరూ దించకపోవడంతో నేనే వెళ్ళి పట్టీ విప్పి ఎత్తుకున్నాను. ఆర్లిస్ నా ముందు కాఫీ పెట్టి ఎదురుగా కూర్చుంది. మామూలుగా అయితే నాతో మాట్లాడుతూ ఏదో ఒక పని చేస్తుండేది. ఇప్పుడు చేతులు బల్ల మీద ఉంచింది.

"వీడు మొదటిసారి బోర్లాపడ్డ రోజు నేనే ఫోన్ చేసి చెప్పా బ్రిటాకి. సంబరంగా. పిచ్చిముండని. 'అలాగా అమ్మా, మంచిది' అంది. అంతే. పెట్టేసింది. ఆస్పత్రి బయట కార్లో కూచుని గంటసేపు ఏడ్చిందట. బ్రిటాతో పనిచేసే అమ్మాయి చర్చిలో చెప్పింది నాకు."

ఆ సంగతి నాకు తెలియదు. బ్రిటా ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బంగాళాదుంపలు వేయించింది, నాకు అంతే గుర్తుంది.

"ఇన్నేళ్ళలో ఒక్క తల్లికి చెప్పలేదు నేను," అంది ఆర్లిస్. "తల్లి చూసిందే మొదటి అడుగు. అంతకుముందు వేసినవి అడుగులు కావు. ఈ పని చేసే ఆడవాళ్ళందరికీ తెలిసిందే అది. సాయంత్రం ఆ తల్లి అలిసిపోయి వస్తుంది, 'కొత్తగా ఏమీ లేదు' అంటాం. రెండ్రోజులకి మనకే ఫోన్ చేస్తుంది, నడిచాడు నడిచాడు అని. అయ్యో నిజమా అంటాం. పరాయి పిల్లలకి అన్నేళ్ళు చేశా. సొంత కూతురి దగ్గర నోరు జారా. ఇంక జారను."

"నుదుటి మీద దెబ్బ?"

"ఈ బల్ల అంచు."

"బొమ్మ అన్నారు."

"బొమ్మ కూడా అక్కడే ఉంది," అన్నాడు హార్లన్.

"అబద్ధం చెప్పారు నాకు."

"చెప్పా. మళ్ళీ చెప్తా. నువ్వు వాడి నోరు వాసన చూశావట. దగ్గు మందు పడుతున్నానేమో అని అడిగావట. బ్రిటా చెప్పింది."

నేను కప్పులోకి చూశాను.

"తెలిసి కూడా మీరు..."

"పొద్దస్తమానం నడిచినవాడు నిద్రపోక ఏం చేస్తాడు? ఆ మాట నీతో ఎలా అనను? అనుకో, ఏమైనా అనుకో అని ఊరుకున్నా. ఊరుకున్నా అంటే కోపం రాలేదని కాదు. నీకిష్టమైన నిమ్మకాయ కేకు ముక్కలు చేసి ఎన్నాళ్ళయిందో చూసుకో."

"నాకూ లేవు," అన్నాడు హార్లన్. "నీ పాపానికి నేను పస్తు."

ఇంకొక ప్రశ్న నాలో కదిలింది. వాడు మొదటిసారి చేయి ఊపడం, మొదటిసారి నిలబడడం నేను కళ్ళారా చూశాను. చూశాననే ఇంతవరకూ అనుకున్నాను. "మొదటి మాట కూడా..." అన్నాను.

ఆర్లిస్ హార్లన్ వైపు చూసింది. హార్లన్ పైకప్పు వైపు చూశాడు.

"కొత్తగా ఏమీ లేదు," అంది ఆర్లిస్. ఆపైన నన్ను తేరిపార చూసి, "నాకొకటి అర్థం కాదు. ఇక్కడ పరిగెత్తినంత పని చేస్తున్నాడు, అక్కడ ఎందుకు నడవడు? ఇంట్లో వాణ్ణి నేల మీద దించుతున్నారా అసలు?" అంది.

ఈవర్ నా చంకలో ఉన్నాడు. కాళ్ళతో తంతున్నాడు.

కారులో వాడు ఈసారి నిద్రపోలేదు. కొండ దిగుతూ ఆలోచించాను. ఒక మనిషికి సంబంధించిన నిజం ఆ మనిషికి చెందుతుందని నేను ఇంతకాలం నమ్మాను. దాన్ని దాచేవాడు, ఎంత ప్రేమతో దాచినా, ఆ మనిషిని చిన్నపిల్లను చేస్తున్నాడు. బ్రిటాకు చెప్పాలి. కొడుకు మొదటి నడక ఎక్కడ జరిగిందో తెలియకుండా ఆమె సంతోషపడితే, ఆ సంతోషాన్ని పక్కన నిలబడి చూసే నా ముఖం ఎలా ఉంటుంది? రేపటినుంచి దాచేది నేనే అవుతాను. చెప్పాలనే అనుకుంటూ ఇంటి ముందు కారు ఆపాను.

బ్రిటా ఆ రోజు ఆస్పత్రి నుంచి త్వరగా వచ్చేసింది. వంటింట్లో ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"ఇంత పెందరాళే వచ్చావేం? అమ్మావాళ్ళింటికి చెప్పకుండా వెళ్ళావా?"

"వెళ్ళాను. బ్రిటా, నీతో ఒకటి..."

"అమ్మ ఏమంది?"

నేను ఈవర్ టోపీ తీశాను.

"కొత్తగా ఏమీ లేదు, అందా?" చేతిలోని చిన్న చొక్కాను ఆమె ఒళ్ళో పెట్టుకుంది. "ఆ ఇంట్లో పుట్టి పెరిగాను క్లైడ్. తల్లులు పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆ మాటే అనాలని నాకూ నేర్పింది. బడిలో చేరకముందే వచ్చు నాకు. ముఖం ఎలా పెట్టాలో కూడా వచ్చు."

"అయితే నీకు తెలుసా?"

"తెలీదు," అంది. "అడగలేదు. నువ్వు అడుగుతూ పోతుంటే భయమేసింది, ఎక్కడ పట్టుకొచ్చి నా ముందు పడేస్తావోనని. ఇప్పుడూ నీ ముఖం నాకు నచ్చలేదు. ఏం చూశావో చెప్పకు."

తెలియకపోవడం ఒక లోటని, దాన్ని పూడ్చుకోవడమే మనిషి పని అని నేను చదివాను, నమ్మాను. నా ఎదుట ఒక మనిషి ఆ తెలియకపోవడాన్ని నెలల తరబడి, తొణక్కుండా, రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. నేను ఆమె చుట్టూ తిరుగుతూ కుదుపుతున్నాను.

అడగవలసినది ఇంకా ఒకటి ఉంది. ఆమెకు నిజంగా తెలియదా, లేక ఈ 'తెలీదు' కూడా ఆ ఇంట్లో నేర్చుకున్న మాటేనా? ముఖం ఎలా పెట్టాలో వచ్చని తనే అంది. ఆమె కళ్ళలోకి మరికాస్త నిదానించి చూస్తే బహుశా నాకు తెలిసిపోయేది. అడగడం నాకు బాగా వచ్చు. చూడడం ఇంకా బాగా వచ్చు.

అడగకూడదని నిర్ణయించుకున్నాను. ఈవర్ మంచు బట్టలు విప్పి, వాణ్ణి బ్రిటాకు ఎదురుగా నేల మీద నిలబెట్టి, చేతులు వెనక్కి తీసుకున్నాను.