ఉమ్మి డబ్బాలో మాత్రలు

పుంగనూరు రాములమ్మ అని నా పేరు చెబితే చాలు, కుప్పం బస్టాండులో టీకొట్టువాడు కూడా మా ఆసుపత్రికి దారి చూపించేవాడు. డెబ్బై ఆరు నాటి మాట. కుప్పం అవతల గుట్ట మీద క్షయ రోగులకని కట్టారు దాన్ని. అందులో ఆడవాళ్ల వార్డుకు నేను ఆయాను. రోగుల్లో సగం మంది తమిళం, కన్నడం వాళ్లు, మిగతావాళ్లు మనవాళ్లు. పెద్ద డాక్టరు మలయాళీ, హెడ్ సిస్టరు గోవా మనిషి. వాళ్లిద్దరూ మాట్లాడుకోవాలంటే ఇంగ్లీషు తప్ప దారి లేదు. దాన్ని నేను తప్పు పట్టను.

నా మంటల్లా రౌండ్సు మీదే. పొద్దున తొమ్మిదింటికి డాక్టరు ఒక్కో మంచం దగ్గరా ఆగి, "ఎనీ కంప్లైంట్స్?" అంటాడు. ముప్ఫై మందిదీ ఒకటే జవాబు, "నో కంప్లైంట్స్ సార్." కొత్తగా చేరినావిడకు పక్క మంచం ఆవిడ మొట్టమొదట నేర్పేది ఆ ముక్కే. అలా అంటే డాక్టరు సంతోషపడతాడు, సిస్టరు రాసుకుంటుంది, ఇద్దరూ ముందుకు పోతారు. తెల్లవార్లూ దగ్గి నా చెయ్యి పట్టుకుని ఏడ్చినావిడ కూడా అదే అంటుంది! ఒళ్లు మండిపోయేది నాకు. కానీ రౌండ్సులో ఆయాలు నోరెత్తకూడదని సిస్టరు ఆర్డరు. ఏం చెప్పినా నర్సు చెప్పాలి, ఇంగ్లీషులో చెప్పాలి.

ఎనిమిదో మంచం యశోదమ్మది. ముళబాగిలు వైపు కన్నడం పిల్ల, ఇరవై రెండేళ్లు. రెండేళ్ల బిడ్డను తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆరు నెలలు మందు వాడినా ఎక్స్‌రేలో మచ్చ తగ్గలేదు. మందు పనిచేయడం లేదు, పక్కటెముకలు కోసి ఆపరేషన్ చేయాల్సిందే అన్నారు. గురువారం అని ఖాయం చేశారు.

బుధవారం పొద్దున ఉమ్మి డబ్బాలు కడుగుతున్నాను. యశోదమ్మ డబ్బా మూత తీస్తే ఫినాయిల్ అడుగున మాత్రలు, కరిగీ కరగకుండా. ఆ డబ్బాల్లోకి నేను తప్ప తొంగిచూసే నాథుడు లేడు. అంతకుముందు కిటికీలోంచి విసిరేసేదట. ముందు రోజే కిటికీలకు దోమల జాలీ కొట్టారు.

"ఇదేందే తల్లీ! యాల పారేస్తాండావు?"

"హొట్టె ఉరీతదె అక్కా," అని నా కాళ్లు పట్టుకుంది. కడుపు మంటట. మింగితే పేగులు కాలిపోతున్నాయట. ఆ సంగతి చెబితే వైద్యం మానేసి ఇంటికి పంపేస్తారని భయమట.

"కడుపు మంట అని ఒక్క మాట సెప్పుంటే సాలు గదే! రేపు నీ ఎముకలు కోస్తారే, పిచ్చిదానా!"

సిస్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆమె గడియారం చూసి "లేటర్, లేటర్" అంది. లేటర్ అంటే రేపు. రేపంటే కత్తి.

డాక్టరు వచ్చాడు. ఎనిమిదో మంచం దగ్గర ఆగి ఎప్పటి మాటే అడిగాడు. యశోదమ్మ ఎప్పటి జవాబే చెప్పింది. ఇక ఆగలేకపోయాను. డబ్బా తీసుకెళ్లి ఆయన ముక్కు ముందు పెట్టాను.

"డాక్టర్, టాబ్లెట్ నో ఈటింగ్! ఆల్ హియర్! స్టమక్ ఫైర్! ఆపరేషన్ వై?"

"ఆయా!" అని అరిచింది సిస్టరు. ఉద్యోగం పోతే పోనీ, పుంగనూరు పోయి కూలి చేసుకుంటాననుకున్నాను. డాక్టరు డబ్బాలోకి చూశాడు. ఎన్నాళ్లుగా ఇలా చేస్తోందో అడగమని నాకే చెప్పాడు. యశోదమ్మ ఏడుస్తూ కన్నడంలో చెప్పింది.

"ఫైవ్ మంత్స్, డాక్టర్," అన్నాను.

ఆయన మంచానికి వేలాడే కేసు చీటీ అందుకుని, ఎర్రసిరాతో రాసిన గురువారాన్ని అడ్డంగా కొట్టేశాడు. మాత్రలు మార్చమనీ, అన్నం తిన్నాకే ఇవ్వమనీ సిస్టరుకు చెప్పాడు.

"ఆపరేషన్ లేదంట, పో! ఇంక మింగకపోతే నా సేతుల్లోనే సస్తావు," అన్నాను. యశోదమ్మ నా నడుము చుట్టేసింది. నాకూ ఏడుపొచ్చింది. ఏడ్చాను, సిగ్గేముంది?

తొమ్మిదో మంచం మదనపల్లె ముసలావిడ రాజేశ్వరమ్మది. డాక్టరు ఇంకా నోరు విప్పనేలేదు, ఆవిడ ఆయన కోటు అంచు గట్టిగా పట్టుకుంది.

"రాములమ్మా, ఈయప్పకు నా మాట గూడా సెప్పమ్మా. ఏడు నెల్లుగా కడుపులో పెట్టుకోనుండాను. శానా ఉండాది."

డాక్టరు నా వంక చూశాడు.

"డాక్టర్, సిట్!" అన్నాను.

సిస్టరు కళ్లురిమింది. నేనేం చేయను? మర్యాద ఇంగ్లీషు నాకెవరు నేర్పారు గనక! తొమ్మిదేళ్లుగా ఆ భాషలో నాతో అన్నవన్నీ అలాంటివే. కమ్, గో, క్లీన్, వెయిట్.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.