తాగొద్దన్న మాట

...రెండు వానకాలాలు తడిసినా బోరింగుకు తను పూసిన ఎర్రరంగు ఇంకా పోలే, అనుకుంటనే ఎల్లేశం జీపు దిగిండు, కోరుట్ల నుంచి తెచ్చిన ఫిల్టరు డబ్బాను తనతోని నీళ్ల పరీక్షల పని చేసే రవీందర్, నవనీత దించుతున్నరు, అన్నా జర పట్టరాదే అంటున్నది నవనీత, ఎల్లేశం బోరింగు దిక్కే చూస్తున్నడు, ఆ రంగు పూసిన పొద్దే కండ్లల్ల తిరుగుతున్నది, గీ నాయకపోళ్ల గూడెంకు మొదటిసారి వచ్చి, బోరింగు నీళ్లను గాజు గొట్టంల పోసి మందు చుక్కలేసి, రంగు మారంగనే ఆడోళ్లందరికి చూపిచ్చిండు, ఫ్లోరైడు ఉన్నది, పిల్లల బొక్కలు వంగిపోతయి, తాగొద్దు, గీ ఎర్రరంగే గుర్తు, నెల తిరగకముందే ఫిల్టరు తెస్తం అన్నడు, తెస్తననే అనుకున్నడు, ఇరవై దినాలకు దుబాయి వీసా అచ్చింది, ఇబ్రహీంపట్నంల ఇంటోళ్లంతా సంబురపడ్డరు, గక్కడ ఎండల సల్లటి సీసా నీళ్లు గటగట తాగిన ఏ ఒక్కనాడన్న గీ గూడెం యాదికొచ్చిందా, రాలే, వాపసొచ్చి మళ్ల పాత పనిల చేరినంకనే యాదికొచ్చింది.

లసుమవ్వ ఎదురొచ్చింది, ఆనాడు చంకల బిడ్డనెత్తుకోని ముందటి వరుసల నిలబడ్డది ఈమెనే, అక్షిత అని పేరు గూడ చెప్పింది, ఏదక్కా నీ బిడ్డ అన్నడు, లేదు సారూ, పోయిన ఎండకాలం పాయె అన్నది, వాంతులు, విరేచనాలు, రెండు దినాలే, మా ఆయన సిరిసిల్ల బట్టల సాంచాల కాడ పనికి పోయి ఉండె, నేనే భుజాన ఏసుకోని గుట్ట దిగిన, రోడ్డు ఎక్కకముందే మెడ వాల్చింది, ఏం నీళ్లు తాగిండ్రక్కా అని అడిగిండు, అడగకపోతే బాగుండు, నువ్వు చెప్పినవ్ గద సారూ బోరింగు ముట్టొద్దని, ముట్టలే, వాగు ఇసుకల చెలిమె తోడుకున్నం, ఎండలు ముదిరినంక చెలిమె పచ్చవడ్డది, పసులు గూడ గా నీళ్లల్లనే మూతివెట్టె, అయినా నీ మాట తప్పలే, కోపం లేదు ఆ గొంతుల, అప్పజెప్పిన పని చేసిన మనిషి చెప్పినట్టే చెప్తున్నది, ఒక్క తిట్టు తిట్టినా తట్టుకుందును అనుకున్నడు ఎల్లేశం.

ఫిల్టరు బిగించిండ్రు, సన్నని ధార పడుతున్నది, ఇగ తాగొచ్చునా సారూ అని అడుగుతున్నది లసుమవ్వ, ఎల్లేశం ధార కింద దోసిలి పట్టి లెక్కేసుకుంటున్నడు, బొక్కలు వంగెటానికి ఏండ్లు పట్టేది, ఫిల్టరు వచ్చేదాక ఆ బోరింగే తాగినా అక్షిత గీ వాకిట్ల ఉరుకుతుండె, వేరే నీళ్లు తాగితే కాసి సల్లార్చి తాగుండ్రని ఒక్క ముక్క అనలేదు ఆనాడు, నెలే గదా అనుకున్నడు, తాగొచ్చక్కా అన్నడు ఎట్లనో, ఆమె తలూపి బిందె పెట్టింది, ఇంకో మాట అడగలే, గిప్పుడు గూడ నమ్మింది, ఆనాడు తనన్నవి రెండు మాటలు, ఫిల్టరు తెస్తమన్నది తను మరిచిపోయిండు, తాగొద్దన్నది లసుమవ్వ మరువలే.