బెజ్జాల తట్ట

ఆ శుక్రవారం పొద్దున మా కోడలు రాజేశ్వరి పుస్తె కృష్ణ ఇసుకలో జారిపోయింది. ఇప్పుడంటే ఒక్క ముక్కలో చెప్పేశాను గానీ, ఆ పూట నా ప్రాణం నా దగ్గర లేదు.

మా వైపు మెడలో రెండు పుస్తెలుంటాయి. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. పసుపుతాడు పాతబడితే నదికి పోయి, తానం చేసి, ఒడ్డునే కూర్చుని పుస్తెలను కొత్త తాడులోకి ఎక్కించుకోవడం మా ఇంటి ఆనవాయితీ. గద్వాల నుంచి జీపులో పోయాం. రాజేశ్వరి తడి వేళ్లతో తాడు విప్పింది. పుట్టింటి పుస్తె ఎక్కింది. మా ఇంటి పుస్తె వేళ్ల సందు నుంచి జారింది. అంతే. ఇద్దరం మోకాళ్ల మీద పడి ఇసుకను గోళ్లతో దేవాం. ఎంత దేవితే అంత లోపలికి పోయిందేమో!

నా కొడుకు కురుమూర్తి అంతకు ముందు రోజే చీరల మూట వేసుకుని లారీలో రాయచూరు పోయాడు. వాడి పేరు మీద కట్టిన పుస్తె. దూరంగా రోడ్డు మీద హారను మోగితే చాలు, దేవడం ఆపి అటే చూసేదాన్ని. రాజేశ్వరి పుస్తె ఉండాల్సిన చోట పసుపు కొమ్ము కట్టుకుని ఏడుస్తోంది.

అక్కడ పెంటయ్య అని ఒకడుండేవాడు. తానాలకొచ్చిన వాళ్లు నీళ్లలో వేసే చిల్లరను బెజ్జాల తట్టతో జల్లించి ఏరుకుని బతికేవాడు. మమ్మల్ని చూసి వచ్చాడు.

“ఏం బోయిందక్కా?”

చెప్పాను. తల కొట్టుకున్నాడు.

“చేతులతోని దేవుతున్రా? ఇంక లోతుకు దొబ్బుతున్రు. లెవ్వండి, నాలుగు దిక్కుల నాలుగు రాళ్లు పెట్టుండ్రి. ఆ జాగల ఎవ్వర్నీ తొక్కనియ్య.”

“నీ తట్ట జర ఇయ్యి నాయినా.”

“నాది రూపాయి బిళ్లలకు కొట్టిచ్చిన బెజ్జాలక్కా. నీ పుస్తె దీంట్లకెళ్లి జారి మళ్ల కృష్ణలనే పడ్తది. ఊళ్లెకు పోయి నీ పుస్తె అంతకంటె జర సన్నం బెజ్జాలు కొట్టిచ్చుకరా. మరీ సన్నం జేస్తివా, తడి ఇసుక దిగది, ముద్దయి కూసుంటది. ఇంకోటి. రాయచూరు దిక్కు వానలంట. పొద్దుగూకేసరికి కొత్త నీళ్లొస్తయంటున్రు. ఉరుకుండ్రి.”

ఉరికాం. ఇంటికి పోయి మొదట పిండి జల్లెడ చూశాను. అంత సన్నం బెజ్జాలు తడి ఇసుకకు పనికిరావని పెంటయ్య అప్పుడే చెప్పాడు కదా. బూందీ గరిటె తీశాను. రాజేశ్వరి అంత ఏడుపులోనూ నా వైపు చూసి, “దాంతోని దేవితె దసరా అయితదత్తా” అంది. దాన్ని పొయ్యి దగ్గరే పడేసి కమ్మరి మాసయ్య కొలిమికి పోయాం.

మాసయ్య నాగలి కర్రు కాలుస్తున్నాడు. సంగతి విని కర్రును నీళ్లలో ముంచి పక్కన పెట్టాడు. మూల నుంచి ఒక పాత ఇనుప తట్ట లాగి, దాని ముందు అంచును సుత్తితో సాగ్గొట్టి పలచన చేశాడు, ఇసుకలోకి కత్తిలా దిగాలని. పిడి కోసం రాజేశ్వరి నడుము దాకా తుమ్మకట్టె కొలిచాడు.

“వంగి తవ్వుతవా బిడ్డా, నిలబడి లాగుతవా?”

“నిలబడే మామా. వంగితె కండ్లు తిరుగుతున్నయ్.”

“అయితె కట్టె ఏటవాలు పెడ్త. బెజ్జాలు లోపల్నుంచి కొడ్త, మొరుకు, ఆ గరుకు అంచంత బయటికి వస్తది. లేకుంటె బంగారం గీసుకపోతది.” అని బెజ్జాలు కొట్టే ఇనుప మొల చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగాడు. “బెజ్జం ఎంత కావాలె వదినా? పుస్తె ఎంతుండె?”

అక్కడే నా నోరు చెడింది.

నా పుస్తెలు నా బొటనవేలి గోరంత. మా అత్త కాలంలో చేయించినవి. కోడలికి చేయించిన ఏడాది మా మగ్గం మీద నాలుగు నెలలు చీర దిగలేదు. చిటికెన వేలి గోరంతే చేయించాను. అయినా వియ్యాలవారి ముందు, “మా ఇంట్ల పుస్తెలన్నీ ఒక్క తీరే” అన్నాను. ఇన్నేళ్లూ మాసయ్య భార్యకూ అదే చెప్పుకున్నాను, వీధిలో అందరికీ అదే. ఇప్పుడు వాడు మొల పట్టుకుని అడుగుతుంటే, నేను మెడలోది తియ్యకుండానే వాడి ముందున్న దాగలి దిమ్మ మీదికి వంగి నా పుస్తె చూపించాను.

“మా ఇంట్ల అన్నీ గింతే మాసయ్యా.”

రాజేశ్వరి వైపు చూశాను. తల వంచుకుంది. బయటివాడి ముందు అత్త మాట కాదనే పిల్ల కాదు.

మాసయ్య నా పుస్తె కంటే జర సన్నంగా టకటకా బెజ్జాలు కొట్టాడు. ఒక్కొక్క దెబ్బ నా తల మీద పడుతున్నట్టుంది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. పుస్తె అడ్డం పడితే ఆగుతుందిలే, దేవుడు ఆపుతాడులే అనుకున్నాను.

మళ్లీ జీపు, మళ్లీ నది. పొద్దు వాలింది. నాలుగు రాళ్లూ అలాగే ఉన్నాయి గానీ నీళ్లు రాళ్ల దిక్కు నాలుగడుగులు జరిగి ఉన్నాయి. రంగు కూడా మారింది, ఎర్రగా.

తట్ట చక్కగా పనిచేసింది. రాజేశ్వరి లాగడం, ఇద్దరం చెరో పక్క పట్టి ఊపడం. ఇసుక జలజలా దిగిపోతోంది. గవ్వలు, పెంకులు, ఎవరిదో గాజు ముక్క మిగులుతున్నాయి. పది తట్టలయ్యాయి. ఇరవై అయ్యాయి. మా పక్కన కుప్ప పెరిగింది.

అప్పుడు గమనించాను. రాజేశ్వరి తట్టలోకి చూడటం లేదు. కింద రాలుతున్న ఇసుకను చూస్తోంది. ఒక్కొక్కసారి కాలితో ఆ కుప్పను మెల్లగా వెతుకుతోంది, నేను చూడకుండా.

నా చేతులు ఆగిపోయాయి.

“రాజేశ్వరీ... అది జారిపోతది బిడ్డా. నీ పుస్తె చిన్నది. నేనే చిన్నది చేయించిన.”

“నాకెరుకే అత్తా.”

“ఎరుకుంటె కొలిమి కాడ నోరెందుకు తెరవలే?”

“మాసయ్య మామ ముందట మీ ఇజ్జత్ తియ్యాల్నా? మీరన్న చెప్తరని సూసిన.”

ఒడ్డు మీద నుంచి పెంటయ్య అరిచాడు. “ఏందక్కా ముచ్చట్లు! నీళ్లొస్తున్నయ్ పైకి రాండ్రి!”

కొలిమికి పోయే పొద్దు లేదు. ఏం చేయాలి? మాది మగ్గం బతుకు, పోగు తప్ప ఇంకేం తెలుసు మాకు. నా చీర అంచు పళ్లతో కొరికి చించాను. సన్నటి పేలికలు పేని దారాలు చేశాను. రాజేశ్వరికి చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక బెజ్జంలో పైకి, పక్క బెజ్జంలో కిందికి, వరస వెంట వరస దారం దూర్చుకుంటూ పోయింది, ప్రతి బెజ్జానికీ నడుమ ఒక పోగు అడ్డం వచ్చేలా. నేను అటు కొస నుంచి మొదలుపెట్టాను. ఇద్దరం నడుమ కలుసుకునేసరికి నీళ్లు నా కాలివేళ్లకు తగిలాయి.

ఇక కొత్త ఇసుక తవ్వలేదు. జల్లించిన కుప్పనే మళ్లీ ఎత్తి జల్లించాం. ఇప్పుడు ఇసుక మెల్లగా దిగుతోంది. కుప్పకు ఒక పక్క నీళ్లు కొరికేశాయి. అటువైపుదే ముందు ఎత్తమన్నాను.

మూడో తట్టలో, గులకరాళ్ల నడుమ, దారానికి ఆనుకుని ఉంది. మెరవలేదు. బురదలో కందిగింజలా ఉంది. రాజేశ్వరి చటుక్కున తీసి కండ్లకద్దుకుంది. చీర కొంగున కడదామంటే కొంగంతా తడి ఇసుక. చేతిలో పట్టుకుని నీళ్లలో నడిచి రావాలంటే భయం. తాడుకు ఎక్కిద్దామంటే, ఒకసారి మెడలో ముడేసిన కొత్త తాడును మళ్లీ ఇంటి దగ్గర దీపం ముందే విప్పాలి. నోట్లో పెట్టుకుని బుగ్గన దాచుకుంది.

పిక్కల లోతు నీళ్లలో తట్ట ఈడ్చుకుంటూ ఒడ్డెక్కాం. వెనక్కి చూస్తే నాలుగు రాళ్లూ లేవు, కుప్పా లేదు.

జీపులో కూర్చున్నాక నాకు మాటలు ఆగలేదు. మగ్గం ఆగిన ఆ ఏడాది ముచ్చటంతా చెప్పాను. వియ్యాలవారి ముందు ఎందుకట్లా అన్నానో చెప్పాను. రేపు మాసయ్య ఇంటికి పోయి నిజం చెప్పి వస్తానని కూడా చెప్పాను. అన్నిటికీ రాజేశ్వరి పెదాలు బిగించుకుని “ఊఁ” అంటూనే ఉంది. కోపంతో అంటోందా, నోరు తెరిస్తే పుస్తె జారుతుందని అంటోందా తెలియలేదు. గద్వాల వచ్చేదాకా బుగ్గ మీద వేలు పెట్టుకునే కూర్చుంది.