మువ్వురిలో నొకతె

హేమంతము ప్రవేశించి పదునైదు దినములైనను గాలి యింకను నెలవు దెలియని యతిథివలె నొకమారు తూర్పునుండియు నొకమారు కొండలవైపునుండియు వీచుచు నాగావళీజలముపై లేచిన పొగమంచును పట్టణవీథులలోనికి దరుముకొని వచ్చుచు, ధాన్యపు బస్తాలతో వచ్చు బండ్ల యెద్దుల మెడగంటల సవ్వడిని దూరమో దగ్గరయో తెలియకుండ జెదరగొట్టుచుండెను. దీపములు వెలిగింపబడెను గాని వాని వెలుగు నిలుకడగా లేదు. వాకిండ్లముందు గట్టిన యావులు పడుకొనక మాటిమాటికి లేచి తోక లాడించుచుండెను. ఆ సంధ్యవేళ పాలకొండ ధాన్యపువీథి చివర కోతలకు పూర్వము ఖాళీగా నున్న కళ్లమున తాటాకుపందిరి క్రింద పట్టణజనమంతయు గూడియుండిరి. క్షయరోగమునకు మందు వెదకు పరిశోధనాలయమొకటి నిర్మింపదలచిన సంఘమువారు జనుల నర్థించుటకై సోమనాథదాసుగారి హరికథలను ఏడు సాయంకాలములు ఏర్పాటు చేసిరి. అది మొదటి సాయంకాలము.

దాసుగారు గజ్జెల పాదములతో వేదికపై నిటునటు దిరుగుచు చిన్నబిడ్డను మృత్యువు గొనిపోయిన పురాణకథను మూడుపాళ్లు చెప్పి, తల్లి విలాపము వద్ద చిరతలు తటాలున నాపి, పాట విడిచి వచనమున నిట్లనిరి.

"అమ్మలారా! అయ్యలారా! మీ బిడ్డలను మూడేసి చొప్పున గూర్చుండబెట్టి చూడుడు. ప్రతి మువ్వురిలో నొకరిని క్షయ యను రాకాసి యిదివరకే గురుతు పెట్టుకొన్నది. ఆ యొకరెవ్వరో నేనెరుగను, మీరెరుగరు. దానికి మాత్రము తెలియును!"

పందిరియందు నిట్టూర్పు పుట్టి స్త్రీలున్న వైపున నేడ్పుగా మారెను. ఆ స్త్రీలలో ధాన్యపు వర్తకుడగు తంగుడు అప్పలసూరయ్య భార్య మాణిక్యమ్మ యుండెను. ఆమెకు సరిగా మువ్వురు బిడ్డలు. పదునొకండేండ్ల గవరయ్య ఒకవైపున, అయిదేండ్ల సింహాద్రి మరియొకవైపున, ఎనిమిదేండ్ల పైడమ్మ ఒడిలోనుండిరి. హారతిపళ్లెము తన ముందునకు రాగా నామె యాలోచింపక ఒడిలోనున్న బిడ్డ కాళ్లకున్న వెండిపట్టీలు విప్పి పళ్లెమున వైచెను. ఇంటికి నడచునప్పుడు పట్టీల చప్పుడు వినబడకపోవుటచే నామె నిలిచి బిడ్డ పాదములు చూచెను. మువ్వురుండగా చేయి యీ బిడ్డ కాళ్లమీదికే యేల పోయెను?

మూడవనాడు పైడమ్మ దగ్గెను.

ఆ దగ్గు వినినంతనే తల్లిమనస్సున చీటి యా బిడ్డ పేరిట పడిపోయెను. ఆమె మరునాటినుండి పైడమ్మను ధాన్యపుకొట్టు గడపమీద వేరుగా గూర్చుండబెట్టి అన్నము పెట్టెను. చాప వేరుచేసెను. ఇత్తడిగ్లాసులు మూడు నొక్కతీరుగ నుండుటచే నొకదానికి ఎఱ్ఱదారము చుట్టి దానిని కిటికీమీద విడిగా నుంచెను. తక్కిన యిద్దరికి ద్వారమువద్దనే నిలిచి వడ్డించుచు, వడ్డించుచునే తిరిగి చూచుచు, ఒకచోట నిలువలేక ఇల్లంతయు దిరుగుచుండెను.

అప్పలసూరయ్య పల్లెలలో ధాన్యము కొని అయిదవనాడు తిరిగివచ్చెను. అతడు నాలుగవ తరగతి వరకు జదివి తండ్రి కొట్టులో గూర్చుండినవాడు. వేకువనే స్నానమాడి సింహాద్రినాథునికి దీపము పెట్టనిదే నోట నీరు పోయడు. తెలియని మాట నడుగుటకు సిగ్గుపడడు. పెరటిలో కాళ్లు గడుగుకొనుచు కిటికీమీది గ్లాసును చూచి యెఱ్ఱదారమేమని యడిగెను. భార్య చెప్పినదంతయు విని,

"మువ్వురిలో నొకరని దాసుగారు లోకముమాట చెప్పిరి. మన మువ్వురిలో నని చెప్పలేదు గదా" అనెను.

"మన మువ్వురు మువ్వురు కారా?" అని మాణిక్యమ్మ యడిగెను.

అతడు కుమార్తె వద్దకు బోయెను. ఆమె గడపమీద గూర్చుండి చింతగింజలతో నాడుకొనుచు తండ్రిని చూచి చేయి యడ్డము పెట్టెను.

"నాన్నా, దగ్గరకు రాకుము. ఆ యొకతెను నేనే. అమ్మ చెప్పలేదు, నేనే లెక్కవేసితిని. నాకు వచ్చెను గనుక అన్నకును తమ్మునికిని రాదు." అంతట పెరటివైపు తిరిగి యెలుగెత్తి, "ఓరీ గవరా! మంచులో తిరిగినను నీకేమియు గాదురా, పో!" అని నవ్వెను. ఆ నవ్వు పందెము గెలిచినవారి నవ్వువలె నుండెను.

అప్పలసూరయ్య ఆ రేయి సరిగా నిద్రింపలేదు. తెల్లవారగనే బిడ్డను సర్కారు వైద్యశాలకు గొనిపోయెను. వైద్యుడు రొమ్మును వీపును విని, ఇది చలిగాలికి వచ్చిన దగ్గు, పది దినములలో తగ్గును, తగ్గకున్న మరల దెమ్మనెను. ఆ మాట యింట జెప్పగా మాణిక్యమ్మ కన్నులు తుడుచుకొని, "వైద్యులు బిడ్డ రొమ్మును వినిరి. నేను దాసుగారిని వింటిని" అనెను. ఎఱ్ఱదారము గ్లాసుననే యుండెను.

దారము చుట్టించిన మాట యెవరిదో వారే విప్పవలెనని తలచి అప్పలసూరయ్య సత్రమునకు బోయెను. మధ్యాహ్నపువేళ దాసుగారు గంభీరవేషము లేకుండ పంచెకట్టుతో గూర్చుండి మిరియాల కషాయము త్రాగుచు తెగిన గజ్జెల త్రాటికి ముడి వేసికొనుచుండిరి.

"దాసుగారూ, నేను తంగుడు అప్పలసూరయ్యను, ధాన్యపు వర్తకుడను. బస్తాలో ఇనుపగొట్టము గ్రుచ్చి మచ్చు తీసి చూడనిదే గింజ కొనను. తాము సెలవిచ్చిన మువ్వురిలో నొకరను మాటకు మచ్చు ఏ బస్తానుండి తీసినది?"

దాసుగారు పకపక నవ్విరి. "ముప్పదియేండ్లుగా కథలు చెప్పుచున్నాను. హరికథకు మచ్చడిగిన శ్రోతను నిన్నొక్కని చూచితినయ్యా! దేవుడు కొండ నెత్తెనని రేపు చెప్పినచో తూనికరాళ్లు తెమ్మందువు కాబోలు."

"కొండ నెత్తినవాడు దేవుడు గనుక నడుగనండి. లెక్క చెప్పినవారు మనుష్యులు గనుక నడుగుచున్నాను."

దాసుగారి నవ్వు సన్నగిల్లెను. పెట్టె తెరచి సంఘమువారిచ్చిన అచ్చుకాగితము తీసి యిచ్చిరి. పైన పెద్ద యక్షరములలో మువ్వురిలో నొకరని యుండెను. అప్పలసూరయ్య వ్రేలు పెట్టి యొక్కొక్క మాటయే కూడబలుకుకొనుచు క్రిందికి దిగెను. అడుగున చీమలబారువంటి యక్షరములలో, క్షయరోగులున్న యిండ్లనుండి నెలకు మించిన దగ్గుతో వైద్యశాలకు దేబడిన బిడ్డలను పరీక్షింపగా దేలిన లెక్క యని యుండెను.

"ఈ క్రిందిమాట తాము చూడలేదా?"

"చూచితిని. తాళములో నిముడలేదు" అని దాసుగారు గజ్జెల త్రాటి ముడి బిగించి మెల్లగా ననిరి. "నూటికొకరన్న నెవ్వని కన్నును చెమర్చదు, అప్పలసూరయ్యా. ఏడ్చినగాని లోకము కొంగుముడి విప్పదు. నా యిల్లాలు రాజేశ్వరి యీ రోగముననే నా చేతులలో పోయినది. మందు దొరకవలెను. నేను బొంకిన బొంకు మంచిపనికే గదా? ఇందు దోషమున్నదందువా?"

ఎదుట నున్నవాడు కపటి కాడు, దుఃఖితుడు. దుఃఖితుని తప్పు పట్టుట అప్పలసూరయ్యకు పాపముగా దోచెను.

"నాకు ధర్మశాస్త్రము దెలియదండి. కాని చూరుకారి తడిసిన మూలనుండి మచ్చు తీసి కొట్టంతయు పాడైనదన్న వర్తకుని మా వీథిలో మరల నమ్మరు. అతడు తరువాత నిజముగా పుచ్చిన బస్తా చూపినను నమ్మరు. తమ పరిశోధనాలయమునకు రేపును ఎల్లుండియు జనుల నమ్మకము కావలదా? అది యటుండనిండు. మా యింట నొక బిడ్డ గడపమీద విడిగా నన్నము తినుచున్నది."

దాసుగారు కషాయము సగముననే విడిచి లేచిరి.

అప్పలసూరయ్య యింటికి వచ్చి దాసుగారు అరుగుపై గూర్చుండి పైడమ్మను మంచినీళ్లడిగిరి. ఆమె దారము లేని గ్లాసుతో తెచ్చెను. "ఇది కాదు, తల్లీ, నీ గ్లాసుతో దెమ్ము" అనిరి. మాణిక్యమ్మ వలదని చేయి చాచులోగా ఎఱ్ఱదారపు గ్లాసులో నీరు వచ్చెను. ఆయన దానిని కడముట్ట త్రాగి, "నేను సభలో తప్పు చెప్పితినమ్మా. ఆ యొకతెవు నీవు కావు" అనిరి.

బిడ్డ ముఖమున వెలుగు పుట్టునని అందరును చూచిరి. వెలుగు పుట్టలేదు.

"నేను కానా? అయితే యెవరు? అన్నయా? తమ్ముడా?" అని యామె వెక్కివెక్కి యేడ్చుచు సింహాద్రిని గట్టిగా పట్టుకొనెను. రెండు దినములుగా తాను కావలియున్న ద్వారమునుండి తన్నెవరో త్రోసివేసినట్లామెకు తోచెను. వేయిమందిని వేయితీరుల నేడ్పించిన దాసుగారి కంఠమున ఆ యొక్క బిడ్డ నూరడించు మాట పుట్టదాయెను.

అప్పుడప్పలసూరయ్య కుమార్తె చేయి పట్టుకొని కొట్టులోనికి గొనిపోయి మచ్చుగొట్టము చేతికిచ్చి వరుసలోని మూడు బస్తాలలో గ్రుచ్చుమనెను. మూడుమారులును ఆమె చిన్న దోసిట బంగారువన్నె గింజలు రాలెను.

"వీనిలో పాడైనదేది?"

"ఏదియు కాదు."

"మూడు బస్తాలు గదా! ఒకటి పాడు కావలదా?"

"కావలెనని యెవరు చెప్పిరి?" అని యామె యేడ్పు మరచి యడిగెను.

తండ్రి యామెను వానకు కారిన మూలకు గొనిపోయెను. అక్కడి మూటిలో రెండు మంచివి. మూడవదానినుండి నల్లబారి ముక్కిన గింజలు రాలెను. పైడమ్మ వానిని మూచూచి, ముక్కు ముడిచి, వెనుదిరిగి వాకిటనున్న పెద్దాయనను చూచెను.

"తాతగారూ, మీరు ఈ మూలలోనే చూచితిరా?"

దాసుగారు తల వంచి, "అవునమ్మా" అనిరి.

"అట్లయిన మాలో నెవరికిని రాదా, నాన్నా?"

అప్పలసూరయ్య కావలసిన బొంకు నాలుక చివరనే యుండెను. దానిని మింగి యిట్లనెను. "రాకపోవచ్చును, రావచ్చును. ఒకరికి వచ్చినంత మాత్రమున మరియొకరికి రాదని లేదు. ఒకరికి రాకుండుటకై మరియొకరు బదులుండనక్కరలేదు. మందు వెదకుట అందులకే."

ద్వారముచాటున నిలిచి యిదంతయు వినుచున్న మాణిక్యమ్మ గ్లాసు తీసికొని యెఱ్ఱదారమును పంటితో త్రెంపెను. దాసుగారు బిడ్డ పట్టీలు తెచ్చి యిత్తుననగా, "ఆ దినము భయపడి యిచ్చితిని. ఇప్పుడు తెలిసి యిచ్చితిననుకొందును. ఎవరి బిడ్డకో మందగును, ఉండనిండు" అనెను. అనుచునే బిడ్డ బోసికాళ్లవంక చూచెను.

ఏడవనాటి సాయంకాలము పందిరి మరల నిండెను. దాసుగారు కథను నడుమ నాపి చిరతలు క్రింద బెట్టిరి. "మువ్వురిలో నొకరని మొదటినాడు నేను చెప్పినది తప్పు. ఎందరని నన్నడుగకుడు, నేనెరుగను. ఒక్కతె నాకు దెలియును" అని తన యిల్లాలి చివరి శీతకాలమును పాట లేకుండ, అతిశయోక్తి లేకుండ చెప్పిరి. జనము మొదటినాటివలె గోలుగోలున నేడ్వలేదు. కొందరు తప్పని తామే యొప్పుకొన్నవానిని నమ్ముటెట్లని గొణిగి లేచిపోయిరి. పెక్కుమంది కూర్చుండిరి. ఆ కూర్చున్నవారి యెదుట హారతిపళ్లెము నెమ్మదిగా నడచెను. లోకమునకు కన్నీరు లేకుండ కరుణ కలుగునా యనియు, కన్నీటికై కల్పించిన సంఖ్య యెవరి గడపమీద వ్రాలునో చెప్పినవారెరుగుదురా యనియు అప్పలసూరయ్య తనలో దాను ప్రశ్నించుకొని, దేవునికి నమస్కరించెను.

ఇంట విస్తళ్లు మూడు నొక్కవరుసను పరచి మాణిక్యమ్మ చింతపండుతో తోమిన గ్లాసులు మూడు తెచ్చెను. వానిలో దారము చుట్టినదేదో యామెకే గురుతు దొరకలేదు. మంచుగాలి తలుపు తోసికొని వచ్చి దీపమును వణికించెను. బిడ్డలలో నొకరు దగ్గిరి. ఆమె చేతిలోని చెంబు గాలిలో నొక్కక్షణము నిలిచెను. దగ్గినదెవరో చూచుటకు తల యెత్తబోయి, యెత్తక, మూడు గ్లాసులను అంచువరకు సమముగా నింపెను.